గోదాముల్లో చక్రాల చేయూత

మెదక్ చేరాల్సిన పార్సిల్ మదనపల్లె సంచిలో పడితే ఆ పొరపాటు ఒక పూట ఆలస్యంతో పోదు. పెట్టె వందల కిలోమీటర్లు దక్షిణానికి వెళ్తుంది. అక్కడి కేంద్రంలో స్కానర్ కింద బయటపడి, తిరుగు లారీ ఎక్కి, హైదరాబాద్ శివారు గోదాముకు వచ్చి మళ్ళీ మొదటి నుంచి వరసలో నిలుస్తుంది. ఈలోగా కొన్నవారు విసుగెత్తి ఆర్డరు రద్దు చేస్తారు. వస్తువు చేతికొచ్చాకే డబ్బు చెల్లించే పద్ధతి అయితే గుమ్మం ముందే వద్దు పొమ్మంటారు. రానుపోను ఖర్చు, తిరిగొచ్చిన సరకును సర్దే ఖర్చు అన్నీ వ్యాపారి ఖాతాలోకే. ఆన్‌లైన్ అమ్మకాల్లో రాయితీల గురించి, పది నిమిషాల డెలివరీల గురించి జరిగినంత చర్చ ఈ నడిమి మజిలీ గురించి జరగదు. ఏ సరకు ఏ ఊరికి, ఏ దుకాణానికి పోవాలో వేరుచేసే సార్టింగ్ దగ్గర జరిగే తప్పులే చాలా అమ్మకాల మీద మిగలాల్సిన కాస్త లాభాన్నీ తినేస్తాయి.

ఆ పనిలోకి ఇప్పుడు చక్రాల మీద తిరిగే చిన్న రోబోలు వచ్చాయి. బెంగళూరు శివారులోని సౌఖ్య కేంద్రంలో ఫ్లిప్‌కార్ట్ 2019లోనే వందకు పైగా రోబోలను దించింది. గంటకు 4,500 పార్సిళ్లను 99.9 శాతం కచ్చితత్వంతో వేరుచేస్తున్నట్లు అప్పట్లో ప్రకటించింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి: ఎంత వేగమో అన్న ఆశ్చర్యం, ఎన్ని ఉద్యోగాలు పోతాయో అన్న ఆందోళన. వేగమే కావాలనుకుంటే పాత యంత్రాలు ఈ రోబోలను ఎప్పుడో మించాయి. ఉద్యోగాల ప్రశ్న నిజమైనదే. అయితే దానికంటే ముందే గోదాములో అడుగుపెట్టే మరో చిక్కు ఉంది: రోబో పక్కన నిలబడే మనిషి పని వేగాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది. రోబోల ప్రయోజనాన్నీ ఈ చిక్కునూ విడిగా చూస్తే తప్ప మన రాష్ట్రాలకు ఈ సాంకేతికత ఎంతవరకు పనికొస్తుందో తేలదు.

బెల్టు దిగి బండెక్కిన సరకు

చేత్తో సార్టింగ్ చేసే చోట ఊరికో సంచి, సంచికో అంకె. సిబ్బంది పార్సిల్ మీది పిన్‌కోడ్ చదివి సరైన సంచిలో వేయాలి. దేశంలో ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఒకే పేరున్న ఊళ్లతో, రకరకాల భాషల్లో రాసిన చిరునామాలతో తపాలా సార్టర్లు పడే అవస్థ తీర్చడం దాని ఉద్దేశం. కోడ్ 5తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. మెదక్‌ది 502110, మదనపల్లెది 517325. షిఫ్టు మొదట్లో ఇట్టే కనిపించే ఈ తేడా, వేల పార్సిళ్లు చేతులు మారాక, తెల్లవారుజామున అలసిన కళ్లకు ఆనదు. పైగా ఏ సంచి ఎక్కడుందో కంఠతా వచ్చేదాకా కొత్తవారి చెయ్యి సాగదు. పండగ రద్దీకి తాత్కాలికంగా తెచ్చుకున్నవారికి ఆ నేర్పు పట్టుబడేసరికి పండగే అయిపోతుంది.

పెద్ద సంస్థలు దీనికి వెతుక్కున్న తొలి పరిష్కారం నేలకు బిగించిన సార్టింగ్ యంత్రం. గోదాము చుట్టూ తిరిగే పొడవాటి వరస, దాని మీద అడ్డ బెల్టులు లేదా పక్కకు ఒరిగే పళ్లాలు. స్కానర్ బార్‌కోడ్ చదివాక, తన వంతు చోటు రాగానే పార్సిల్ పక్కకు జారిపోతుంది. గంటకు పది వేలకు పైగా పార్సిళ్లను వేరుచేసే యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కానీ వాటిని కొనేటప్పుడే ఏడాదిలో అతి పెద్ద రద్దీ రోజును లెక్కేసుకుని కొనాలి. మిగతా రోజుల్లో సగం సామర్థ్యం ఊరికే తిరుగుతుంది. ఎక్కడో ఒక మోటారు మొరాయిస్తే మొత్తం వరస ఆగుతుంది. గోదాము లీజు ముగిసి వేరే చోటికి మారాల్సి వస్తే ఆ ఇనుమును విప్పి తీసుకెళ్లడం కొత్తది పెట్టుకున్నంత పని.

చక్రాల రోబోల కథ ఒక దివాలాతో మొదలైంది. ఇంటింటికీ కిరాణా సరకు చేర్చే అమెరికా సంస్థ వెబ్‌వాన్ 2001లో కుప్పకూలింది. అందులో పనిచేసిన మిక్ మౌంట్జ్, ఒక్కో ఆర్డరును సర్దడానికి అవుతున్న ఖర్చును కళ్లారా చూశారు. మనిషి అరల చుట్టూ తిరిగే బదులు అరలే మనిషి దగ్గరికి నడిచొస్తే బాగుండునన్న ఆలోచనతో 2003లో కీవా సిస్టమ్స్‌ను స్థాపించారు. పీటర్ వుర్మన్, రఫెల్లో డాండ్రియా ఆయనకు తోడయ్యారు. స్టేపుల్స్, వాల్‌గ్రీన్స్ వంటి రిటైల్ సంస్థలు ఆ రోబోలను తమ పంపిణీ కేంద్రాల్లో పెట్టుకున్నాయి. 2012లో అమెజాన్ 77.5 కోట్ల డాలర్లకు కీవాను కొనేసి, క్రమంగా బయటివారికి అమ్మకాలు ఆపేసింది. పోటీదారులను కట్టడి చేసే ఎత్తుగడగా అది బాగానే పనిచేసింది. అదే సమయంలో చైనాలో గీక్‌ప్లస్, అమెరికాలో లోకస్, భారత్‌లో గ్రేఆరెంజ్ వంటి సంస్థలకు మార్కెట్‌ను తెరిచిపెట్టింది కూడా ఆ కొనుగోలే.

కీవా రోబో అరలను మోసింది. పార్సిల్‌ను మోసే చిన్న రోబో చైనాలో జనం కళ్లలో పడింది. 2017 ఏప్రిల్‌లో హాంగ్‌ఝౌలోని ఎస్‌టీవో ఎక్స్‌ప్రెస్ కేంద్రం వీడియో ఒకటి ప్రపంచమంతా చుట్టింది. పళ్లెం నెత్తిన పెట్టుకున్న వందల రోబోలు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతూ, నేలలోని రంధ్రాల దగ్గర ఆగి, పళ్లెం ఒంచి పార్సిల్‌ను కింది సంచిలోకి జారవిడిచేవి. రోజుకు 2 లక్షల పార్సిళ్లు వేరుచేయగలవని, మనుషులతో చేయించే దానికంటే ఖర్చు సగానికి తగ్గిందని ఆ సంస్థ చెప్పుకొంది. 2019లో అమెజాన్ కూడా పైన చిన్న బెల్టు ఉన్న పెగాసస్ అనే సార్టింగ్ రోబోను ప్రదర్శించింది.

లోపల జరిగేదేమిటి?

ఈ రోబోల్లో చాలావాటికి సొంత తెలివి తక్కువ. నేల మీద గళ్లుగళ్లుగా అతికించిన క్యూఆర్ కోడ్‌లను కింది కెమెరాతో చదువుతూ తామెక్కడున్నదీ తెలుసుకుంటాయి. ఎటు పోవాలో చెప్పేది గోదాములోని సర్వర్. ఒక వైపు మనిషి పార్సిల్‌ను పళ్లెంలో పెడతాడు. పైనున్న స్కానర్ బార్‌కోడ్ చదువుతుంది. సర్వర్ ఆ పార్సిల్ సంచి ఏదో చూసి దారి వేస్తుంది. ఛార్జింగ్ తగ్గిన రోబో తనంతట తానే వెళ్లి ప్లగ్గుకు తగులుకుంటుంది. కష్టమంతా దారి వేయడంలోనే ఉంది. ఒకటి రెండు రోబోలకు దారి వేయడం తేలిక. వందల సంఖ్యలో తిరుగుతున్నప్పుడు ఇరుకు సందులో ఎదురుబొదురుగా వచ్చిన రెండు ఆటోల్లా అవి నిలిచిపోతే వెనకున్నవన్నీ ఆగుతాయి. అందుకే ఈ రంగంలో సంస్థల మధ్య అసలు పోటీ చక్రాల్లో, మోటార్లలో కంటే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ.

ఈ పద్ధతి బలం దాని వెసులుబాటులో ఉంది. ఒక రోబో పాడైతే దాన్ని పక్కకు తీసేస్తారు, మిగతావి తిరుగుతూనే ఉంటాయి. కొత్తగా ఇరవై ఊళ్లు జాబితాలో చేరితే ఇరవై సంచులు పెట్టి సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేస్తే చాలు. యాభై రోబోలతో మొదలుపెట్టి, వ్యాపారం పెరిగేకొద్దీ మరో యాభై తెచ్చుకోవచ్చు. కొన్ని సంస్థలు రోబోలను అమ్మకుండా నెలవారీ అద్దెకు ఇస్తున్నాయి. గోదాము మారితే రోబోలూ లారీ ఎక్కి వస్తాయి. గంట లెక్కన చూస్తే పెద్ద బెల్టు యంత్రమే గెలుస్తుంది. ఏడాది లెక్కన, అందులోనూ రద్దీ ఒక్కోసారి ఒక్కోలా ఉండే చోట, చక్రాల రోబోది పైచేయి.

కచ్చితత్వం లెక్క కూడా విడిగా చూడాలి. 99 శాతం, 99.9 శాతం వినడానికి ఒకేలా ఉంటాయి. రోజుకు 2 లక్షల పార్సిళ్లు వెళ్లే కేంద్రంలో మొదటి లెక్కన 2,000 పెట్టెలు దారి తప్పుతాయి, రెండో లెక్కన 200. ఆ 1,800 పెట్టెల రానుపోను ఖర్చు ఏడాది పొడవునా కూడితే రోబోల అద్దె ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది.

దసరా రద్దీకి సరిపడేలా

మన దేశంలో ఈ రోబోల అవసరాన్ని పెంచింది ఒక పన్ను సంస్కరణ. జీఎస్టీకి ముందు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకునేవి. 2014లో రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపే సరకు కూడా అంతర్రాష్ట్ర అమ్మకం అయింది. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి రావడంతో ఆ లెక్క మారింది. నాలుగు చిన్న గోదాముల బదులు ఒక పెద్ద గోదాము పెట్టుకోవడం లాభసాటి అయింది. అదే ఏడాది గోదాములకు మౌలిక వసతుల రంగం హోదా రావడంతో బ్యాంకు రుణాలు సులువయ్యాయి. మేడ్చల్ దగ్గరి గుండ్లపోచంపల్లిలో 2015లో ఫ్లిప్‌కార్ట్ 2.2 లక్షల చదరపు అడుగుల కేంద్రం తెరిస్తే, 2017లో శంషాబాద్ దగ్గర అమెజాన్ 4 లక్షల చదరపు అడుగుల కేంద్రం ప్రారంభించింది. గోదాము పెద్దదయ్యేకొద్దీ అక్కడి నుంచి సరకు వెళ్లే ఊళ్ల సంఖ్య పెరుగుతుంది, దాంతో సార్టింగ్ భారమూ పెరుగుతుంది. యాభై సంచులను గుర్తుపెట్టుకోగలిగిన మనిషి ఐదొందల సంచులను గుర్తుపెట్టుకోలేడు.

దీనికి తోడు పండగ గిరాకీ. దసరా, దీపావళి అమ్మకాల వారాల్లో వచ్చిపడే ఆర్డర్లు మామూలు రోజులకు ఎన్నో రెట్లు. వాటికోసం ప్రతి ఏటా వేల మందిని తాత్కాలికంగా తీసుకుని, ఆనక పంపేస్తారు. పాశ్చాత్య దేశాల్లో రోబోలను సమర్థించే మొదటి వాదన జీతాల పొదుపు. మన దగ్గర గోదాము కూలి తక్కువ కాబట్టి ఆ ఒక్క వాదనతో పెట్టుబడి తిరిగిరావడానికి చాలా ఏళ్లు పడుతుంది. మన దేశంలో లెక్క కుదిరేది తప్పులు తగ్గడం వల్ల, నగరం అంచున ఖరీదైన స్థలం ఆదా కావడం వల్ల, పండగ రోజుల్లో కొత్తవారికి నేర్పే భారం తప్పడం వల్ల. దేశంలో రవాణా, నిల్వ ఖర్చులు జీడీపీలో 13 నుంచి 14 శాతమన్న పాత అంచనాను పక్కనపెట్టి, జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి 2021-22కు వాటిని 7.8 నుంచి 8.9 శాతంగా లెక్కగట్టింది. అంటే సులువుగా తగ్గించగలిగే వృథా అంతా ఇంకా మిగిలే ఉందని అనుకోవడానికి లేదు. ఇకపై పొదుపు ఇలాంటి చిన్న చిన్న మజిలీల దగ్గరే వెతుక్కోవాలి.

ఈ యంత్రాల కోసం పూర్తిగా విదేశాల వైపు చూడాల్సిన పనిలేకపోవడం మనకు కలిసొచ్చే అంశం. బిట్స్ పిలానీలో చదివిన సమయ్ కోహ్లి, ఆకాశ్ గుప్తా 2011లో గ్రేఆరెంజ్‌ను ప్రారంభించారు. ఏషియన్ పెయింట్స్‌లో పనిచేసినవారు 2016లో నోయిడాలో పెట్టిన ఆడ్‌వెర్బ్ సంస్థలో రిలయన్స్ రిటైల్ 2022లో 13.2 కోట్ల డాలర్లతో 54 శాతం వాటా కొంది. ఆ సంస్థ జిప్పీ పేరుతో సార్టింగ్ రోబోలను తయారుచేస్తోంది. 2019లో మొదలైన అన్‌బాక్స్ రోబోటిక్స్ తక్కువ స్థలంలో నిలువుగా సార్టింగ్ చేసే రోబోలను రూపొందించింది. ఊరి నడుమ ఇరుకు గోదాముల్లో పనిచేసే కొరియర్ సంస్థలకు ఇలాంటివే అక్కరకొస్తాయి.

దుకాణం దాకా వెళ్లే లాభం

సార్టింగ్ అంటే ఆన్‌లైన్ పార్సిళ్లు మాత్రమే అనుకుంటే సగం కథే చూసినట్లు. దుకాణాల గొలుసులకు సరకు పంపే పంపిణీ కేంద్రాల్లో ఈ పని ఇంకా పెద్దది. అమెరికాలో వాల్‌మార్ట్ తన 42 ప్రాంతీయ పంపిణీ కేంద్రాలన్నింటిలో సింబాటిక్ సంస్థ రోబోలను పెడతామని 2022లో ప్రకటించింది. అక్కడ రోబోలు పెట్టెలను దుకాణంలోని వరసల క్రమంలో పేరుస్తాయి. సబ్బులన్నీ ఒకచోట, బిస్కెట్లన్నీ ఒకచోట ఉండేలా లారీ వస్తే దుకాణం సిబ్బంది నేరుగా ఆ అర దగ్గరికి తోసుకెళ్లి సర్దేస్తారు. గోదాములో చేసిన సార్టింగ్ లాభం దుకాణంలో తేలుతుంది.

జపాన్‌లో యూనిక్లో మరీ దూకుడుగా వెళ్లింది. టోక్యోలోని అరియాకే గోదామును డైఫుకు సంస్థతో కలిసి యాంత్రీకరించి, 2018 నాటికి అక్కడి సిబ్బందిలో 90 శాతాన్ని తగ్గించింది. అంత చేసినా మెత్తని టీషర్టును ఎత్తి పెట్టెలో సర్దే పని యంత్రానికి లొంగలేదు. దానికోసం 2019లో ముజిన్ అనే మరో రోబో సంస్థను ఆశ్రయించాల్సి వచ్చింది.

లొంగని పనుల జాబితా చిన్నదేమీ కాదు. గుండ్రటివి పళ్లెంలోంచి దొర్లుతాయి. కారే సీసాలు, పొడవాటి పైపులు, బియ్యం బస్తాలు చిన్న రోబోకు ఎక్కవు. నలిగిన ప్లాస్టిక్ కవరు మీద బార్‌కోడ్ స్కానర్‌కు అందదు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, దుమ్ము పట్టి క్యూఆర్ కోడ్‌లు చెరిగినా రోబో ఆగిపోతుంది. నిప్పు భయం వీటన్నిటికంటే పెద్దది. బ్రిటన్‌లో కిరాణా సంస్థ ఒకాడోకు చెందిన ఆండోవర్ కేంద్రం 2019 ఫిబ్రవరిలో కాలిపోయింది. బ్యాటరీ ఛార్జింగ్ యూనిట్‌లో తలెత్తిన లోపమే కారణమని తేలింది. 2021 జులైలో అదే సంస్థ ఎరిత్ కేంద్రంలో మూడు రోబోలు ఢీకొని మంటలు లేచాయి. రేకుల షెడ్డులో అట్టపెట్టెల మధ్య వందల బ్యాటరీలను తిప్పబోయే మన గోదాములు ఈ రెండు ఘటనలనూ చదువుకోవాలి.

లయ ఎవరి చేతిలో?

ఇక మనిషి సంగతి. రోబో పళ్లెంలో పార్సిల్ పెట్టేది ఇప్పటికీ చాలాచోట్ల మనిషే. చేత్తో సార్టింగ్ చేసేటప్పుడు అతడు నడిచేవాడు, వంగేవాడు, మధ్యలో ఒక్క క్షణం ఆగేవాడు. రోబోలు వచ్చాక నడక తగ్గింది, ఆ క్షణమూ పోయింది. ఖాళీ పళ్లెం వచ్చి ఎదురుగా నిలుస్తుంది, వెనక మరొకటి కాచుకుని ఉంటుంది. ఒకే చోట నిలబడి, అదే భుజాన్ని, అదే మణికట్టును గంటల తరబడి తిప్పాలి. పని వేగాన్ని మేస్త్రీ బదులు సర్వర్ నిర్ణయిస్తుంది.

దీని ఫలితం గణాంకాల్లో కనిపించింది. అమెరికాలోని రివీల్ పరిశోధక పత్రికా సంస్థ 2020లో అమెజాన్ సొంత రికార్డులను పరిశీలించి, 2016 నుంచి 2019 వరకు రోబోలున్న గోదాముల్లో తీవ్ర గాయాల రేటు రోబోలు లేనివాటికంటే 50 శాతానికి పైగా ఎక్కువని తేల్చింది. అమెజాన్ ఆ విశ్లేషణను ఒప్పుకోలేదు. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలుపంచుకున్న మరో అధ్యయనంలో తీవ్ర గాయాలు తగ్గి, ఒకే కదలికను పదేపదే చేయడం వల్ల వచ్చే చిన్న గాయాలు పెరిగినట్లు వెల్లడైంది. ఈ రెండూ వేర్వేరు దిక్కుల్లో ఉన్నట్లు కనిపించినా ఒక విషయంలో కలుస్తాయి. గాయాన్ని నిర్ణయించేది రోబో ఉనికి కంటే, దాని పక్కన మనిషికి పెట్టిన గంట లక్ష్యమే.

ఉద్యోగాల విషయంలోనూ మార్పు ఒక్కసారిగా తొలగింపుల రూపంలో రావడం లేదు, కొత్త నియామకాలు ఆగిపోవడంగా వస్తోంది. 2033 నాటికి అమెరికాలో 6 లక్షలకు పైగా నియామకాలను రోబోలతో తప్పించాలని అమెజాన్ అంతర్గత పత్రాల్లో ఉన్నట్లు న్యూయార్క్ టైమ్స్ 2025 అక్టోబరులో రాసింది. ఆ పత్రాలు పూర్తి చిత్రాన్ని చూపవని సంస్థ అంటోంది. అమ్మకాలు పెరుగుతున్నా వచ్చే మూడేళ్లు తన సిబ్బంది సంఖ్య 21 లక్షల దగ్గరే ఉంటుందని వాల్‌మార్ట్ 2025లో బహిరంగంగానే చెప్పింది. ఇంటర్ చదివి, డిగ్రీ మధ్యలో ఆపి, మేడ్చల్ గోదాముల్లో మొదటి జీతం అందుకునే యువకులకు ఇది దూరదేశపు వార్త కాదు.

నియంత్రణకు నమూనాలు లేకపోలేదు. కాలిఫోర్నియాలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం గోదాము యాజమాన్యం గంటకు ఎన్ని సరకుల లక్ష్యమో కార్మికుడికి రాతపూర్వకంగా చెప్పాలి. భోజన విరామానికి, మూత్రశాలకు వెళ్లడానికి అడ్డొచ్చే లక్ష్యం పెట్టకూడదు. ఆ సమస్య మన దేశానికి కొత్త కాదు. ట్రక్కుల్లో సరకు దించడం పూర్తయ్యేదాకా నీళ్లకు, మూత్రశాలకు వెళ్లబోమని హరియాణాలోని మానేసర్ అమెజాన్ గోదాములో కార్మికులతో ప్రతిజ్ఞ చేయించారన్న వార్తలపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 2024 జూన్‌లో తనంతట తానే స్పందించి కేంద్ర కార్మిక శాఖకు నోటీసు ఇచ్చింది. ఆరోపణలు నిజమైతే అది తమకు ఆమోదయోగ్యం కాదని సంస్థ పేర్కొంది. మనుషులే మోసే గోదాములోనే పరిస్థితి అలా ఉంటే, లయను సర్వర్ చేతికి ఇచ్చాక కాపలా ఇంకా గట్టిగా ఉండాలి.

తెలుగు రాష్ట్రాలు రెండూ గోదాముల పెట్టుబడుల కోసం పోటీ పడుతున్నాయి. స్థలాలు, రాయితీలు ఇస్తున్నాయి. ఆ ఒప్పందాల్లోనే కొన్ని షరతులు చేర్చడం పెద్ద భారం కాదు. రోబోల పక్కన పనిచేసేవారికి గంట లక్ష్యం ఎంతో తెలుగులో గోడ మీద రాసి ఉండాలి. భుజం, మణికట్టు నొప్పులను కూడా గాయాలుగా నమోదు చేసి ఏటా వెల్లడించాలి. ఒకే పని మీద గంటల తరబడి నిలబెట్టకుండా వంతులు మార్చాలి. బ్యాటరీ ఛార్జింగ్ చోటును సరకు నిల్వకు దూరంగా, మంటలను అడ్డుకునే గోడ చాటున పెట్టాలి. రోబోల మరమ్మతు, సెన్సర్ల సర్దుబాటు, గోదాము సాఫ్ట్‌వేర్ నిర్వహణను ఐటీఐలలో కోర్సుగా పెట్టి, ఇప్పటికే గోదాముల్లో పనిచేస్తున్నవారికి అందులో మొదటి చోటు ఇవ్వాలి.

ఊళ్ల సంఖ్య ఎక్కువ, రద్దీ హెచ్చుతగ్గులు ఎక్కువ, స్థలం తక్కువ ఉన్న మన పంపిణీ కేంద్రాలకు చక్రాల రోబోలు సరిపోయే పనిముట్లే. వాటిని ఆపడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఏ గోదాముకు ఎన్ని రోబోలు కావాలో వ్యాపారులు లెక్కేసుకుంటారు. వాటి పక్కన నిలబడే మనిషి గంటకు ఎన్ని పార్సిళ్లు ఎత్తాలన్న దానికి గరిష్ఠ పరిమితిని మాత్రం ప్రభుత్వాలు, రాయితీల పత్రం మీద సంతకం పెట్టకముందే, నిర్ణయించాలి.